వారంటీ తిరస్కరణపై ఫిర్యాదు: ఒక్క పెట్టె తూటాలు తట్టుకోలేని బారెల్‌కు శుభ్రత సాకు కాదు

వారంటీ విభాగం మేనేజర్ గారికి,

విషయం: 6.5 క్రీడ్‌మోర్ రైఫిల్ బారెల్‌పై మీరు పంపిన తనిఖీ రిపోర్టు, వారంటీ తిరస్కరణ

నమస్కారం.

మీ సంస్థ తయారుచేసిన, 6.5 క్రీడ్‌మోర్ అనే రకం తూటా వాడే బోల్ట్ యాక్షన్ రైఫిల్ గురించి ఈ ఉత్తరం. మీ విభాగం నుంచి నాకు ఫోన్ చేసినావిడ తెలుగువారు. ఫిర్యాదు ఫారంలోని చిన్న పెట్టెలో విషయమంతా పట్టదని నేనంటే, తెలుగులోనే వివరంగా రాయమని, పైవాళ్ళకు తానే చదివి చెప్తానని అన్నారు. ఆవిడకు నా కృతజ్ఞతలు. తుపాకుల సంగతి తనకు అంతగా తెలియదని కూడా అన్నారు కనుక, మీకు తెలిసిన విషయాలను కూడా కొన్నిచోట్ల విప్పి రాస్తున్నాను.

మీ రిపోర్టులో ఉన్నవి మూడే వాక్యాలు. బారెల్‌లో రాగి, మసి పేరుకున్నాయి. మాన్యువల్ ప్రకారం శుభ్రం చేయలేదు. హ్యాండ్‌లోడ్లు (ఇంట్లో కూర్చుకున్న తూటాలు) వాడారు కాబట్టి వారంటీ వర్తించదు. దానికి నీలం మరక ఉన్న ప్యాచ్ (బారెల్ తుడిచిన గుడ్డముక్క) ఫోటో ఒకటి జత చేశారు. శుభ్రం చేసినందుకు, తిరిగి పంపినందుకు బిల్లు కూడా వేశారు. కొన్నప్పుడు మీరు రాసిచ్చిన హామీ ఏమిటంటే, ఫ్యాక్టరీ మ్యాచ్ (పోటీ స్థాయి) తూటాలతో వంద గజాల దూరంలో మూడు బుల్లెట్లు ఒక అంగుళం లోపల పడతాయని. ఆ హామీ నిలబడలేదనే నేను రైఫిల్ పంపాను. దాని ప్రస్తావనే రిపోర్టులో లేదు. రైఫిల్‌ను మీవాళ్ళు ఒక్కసారైనా కాల్చి చూశారో లేదో కూడా రాయలేదు.

అసలు సమస్య ఇది. బారెల్‌ను లోహం కనిపించేదాకా శుభ్రం చేసి, మొదటి కొన్ని తూటాలు లెక్కలోకి తీసుకోకుండా వదిలేసి కాలిస్తే, రైఫిల్ మీరన్నట్టే కొడుతుంది. అప్పుడు నాకు ఏ ఫిర్యాదూ ఉండదు. కానీ ఒక పెట్టె, అంటే ఇరవై తూటాలు అయ్యేసరికి గ్రూప్, అంటే టార్గెట్ మీద బుల్లెట్లు పడిన గుంపు, విచ్చుకోవడం మొదలవుతుంది. ఒకటిన్నర అంగుళం, ఆ తర్వాత రెండు. మళ్ళీ శుభ్రం చేస్తే మళ్ళీ కాసేపు బాగుంటుంది. మీరు శుభ్రం చేసి పంపిన తర్వాత కూడా ఇదే జరిగింది. ఇది నా హ్యాండ్‌లోడ్లతోనే కాదు, మీ హామీలో పేర్కొన్న రకం ఫ్యాక్టరీ మ్యాచ్ తూటాలతోనూ జరుగుతోంది.

హ్యాండ్‌లోడ్ అంటే కేసు (ఇత్తడి గొట్టం), ప్రైమర్ (పౌడర్‌ను అంటించే చిన్న బిళ్ళ), పౌడర్, బుల్లెట్ విడివిడిగా కొని ఇంట్లో తూటా కూర్చుకోవడం. ఇక్కడ టెక్సాస్‌లో రేంజ్‌కి వచ్చేవాళ్ళలో చాలామంది చేసే పనే. నేను వాడేవి 140 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్లు, ఆస్ట్రేలియాలో తయారై హాడ్జ్‌డన్ పేరుతో అమ్ముడయ్యే హెచ్ 4350 పౌడర్. ఈ తూటాకు ఇంతకంటే మామూలు జోడీ లేదు. పౌడర్ బరువు ఎప్పుడూ అచ్చు పుస్తకంలో ఇచ్చిన హద్దుల లోపలే. కాల్చిన కేసులు, ప్రైమర్లు దాచి ఉంచాను. ఒత్తిడి మితిమీరిన గుర్తు ఒక్క కేసు మీద ఉన్నా చూపించండి.

హ్యాండ్‌లోడ్లు పరీక్షించేటప్పుడు బారెల్‌ను ఎప్పుడు శుభ్రం చేయాలన్నదే ఈ గొడవకంతటికీ మూలం కనుక, దాని గురించి కాస్త ఎక్కువే రాస్తాను. పౌడర్ బరువు కొద్దికొద్దిగా పెంచుతూ ఐదు రకాల తూటాలు తయారు చేసుకున్నామనుకోండి. మొదటి రకం ఐదు, తర్వాత రెండో రకం ఐదు అంటూ వరసగా కాలిస్తే, ఆఖరి రకం వంతు వచ్చేసరికి బారెల్ అన్నిటికంటే మురికిగా, అన్నిటికంటే వేడిగా ఉంటుంది. దాని గ్రూప్ విచ్చుకుంటే తప్పు పౌడర్‌దా, మురికిదా, వేడిదా ఎలా చెప్పగలం? పోనీ ఒక్కో రకానికి ముందు బారెల్ శుభ్రం చేద్దామంటే, అది ఇంకో చిక్కు. శుభ్రం చేసిన బారెల్‌లో నూనె తడి, సాల్వెంట్ (మురికిని కరిగించే ద్రవం) జాడలు ఉంటాయి. మొదటి ఒకటి రెండు బుల్లెట్లు వేరే చోట పడతాయి, వేగం కూడా తేడాగా వస్తుంది. లోపల పల్చగా మసి, రాగి పూత కుదురుకున్నాకే బారెల్ ఒక స్థితికి వస్తుంది. అందుకే ముందు కొన్ని ఫౌలింగ్ షాట్లు కాల్చి అప్పుడు లెక్క మొదలుపెడతారు. ప్రతి ఐదు తూటాలకూ తోమేవాడు పరీక్షిస్తున్నది తూటాను కాదు, శుభ్రం చేసిన బారెల్ మళ్ళీ కుదురుకోవడాన్ని.

హైదరాబాద్‌లో మా బాబాయి కొడుకు పాయింట్ 22 రైఫిల్‌తో పోటీలకు వెళ్తాడు. వాళ్ళు తూటాలు తయారు చేసుకోరు, ఒకే కంపెనీ తూటాల్లో ఏ లాట్ తమ బారెల్‌కు నప్పుతుందో కాల్చి చూసుకుంటారు. ఆ తూటాలవి మైనం పూసిన సీసం బుల్లెట్లు, కాబట్టి శుభ్రం చేసిన బారెల్‌లో ఆ మైనం మళ్ళీ పరుచుకునేదాకా ఏ లాట్ మంచిదో తేల్చరు. తూటా వేరైనా సూత్రం ఒకటే. పోల్చదలిచిన ప్రతి తూటాకూ బారెల్ ఒకే స్థితిలో ఉండాలి.

అందుకే నేను వంతులవారీగా కాలుస్తాను. ఐదు రకాలకు ఐదు టార్గెట్లు పెట్టి, మొదటి రకం ఒకటి, రెండో రకం ఒకటి అలా ఐదో రకం దాకా వెళ్ళి మళ్ళీ మొదటికి వస్తాను. మధ్యలో బారెల్ చల్లారడానికి వ్యవధి ఇస్తాను. మురికి పెరిగినా, వేడి పెరిగినా ఐదింటికీ సమానంగానే అంటుతుంది. ఏ బుల్లెట్ ఎన్నో షాటో, బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఎంత చూపించిందో పుస్తకంలో రాసుకుంటాను. ఆ పేజీల ఫోటోలు ఈ ఉత్తరంతో పంపుతున్నాను, దయచేసి చూడండి. మొదట్లో ఐదు గ్రూపులూ దేని తీరులో అవి ఉన్నాయి. ఒక దశ దాటాక ఐదూ ఒకేసారి చెదిరాయి. పౌడర్ తక్కువైనదీ చెదిరింది, ఎక్కువైనదీ చెదిరింది. లోపం తూటాలో ఉంటే ఏదో ఒక రకం చెడాలి, మిగతావి నిలబడాలి. ఐదు రకాలూ, వాటితోపాటు ఫ్యాక్టరీ తూటాలూ ఒకే చోట చెడ్డాయంటే వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది బారెల్ ఒక్కటే.

ఆ బారెల్ లోపల ఏముందో ఇక్కడి గన్‌స్మిత్ బోర్‌స్కోప్ (బారెల్‌లోకి దూర్చే సన్నని కెమెరా) పెట్టి చూపించారు. మూతి వైపు చివరి భాగంలో, బుల్లెట్‌ను తిప్పే గాడుల మధ్య ఉండే మిట్టల మీద అడ్డంగా రీమర్ గీతలు వరసగా ఉన్నాయి. రంధ్రాన్ని కొలతకు తెచ్చేటప్పుడు పడిన గీతలవి, నునుపు చేయకుండా అలాగే వదిలేశారు. బుల్లెట్ రాగి జాకెట్ ఆ గీతల మీదుగా పోతున్నప్పుడు ఆకురాయి మీద రాసినట్టే. ప్రతి గీతలో రాగి ఇరుక్కుని ఉంది, తక్కిన బారెల్‌లో మాత్రం చాలా తక్కువ. నునుపుగా తయారైన బారెల్‌లో కూడా రాగి చేరుతుంది, కానీ ఒక దశకు వచ్చి ఆగిపోతుంది, గురి చెడకుండా వందల తూటాలు సాగుతుంది. ఇరవై తూటాలకోసారి తోమితే తప్ప హామీ నిలబెట్టుకోలేని బారెల్‌ను చూపించి, కొన్నవాడు తోమలేదనడం న్యాయం కాదు. అంత తరచుగా తోమాల్సి రావడమే ఇక్కడ లోపం. బారెల్ అరిగిపోయిందని అనడానికీ వీల్లేదు. ఈ తూటాకు బారెల్ రెండు మూడు వేల షాట్లు నిలుస్తుందని అందరూ అనుకునే లెక్క. నా రైఫిల్ దాని దరిదాపుల్లో కూడా లేదు.

"మాన్యువల్ ప్రకారం శుభ్రం చేయలేదు" అన్న మాట నన్ను ఎక్కువ బాధించింది. ఏ మాన్యువల్ ప్రకారం? ముందు పేజీల్లో "వాడిన ప్రతిసారీ" అన్నారు. సంరక్షణ అధ్యాయంలో "అవసరాన్ని బట్టి" అన్నారు. కొత్త బారెల్ గురించిన కాగితంలో ఒక్కో షాట్‌కూ శుభ్రం చేయమన్నారు, ఎన్ని షాట్ల దాకా అలా చేయాలో చెప్పలేదు. ఏ సాల్వెంట్ వాడాలో, దాన్ని ఎంతసేపు ఉంచవచ్చో లేదు. రాగిని కరిగించే అమ్మోనియా సాల్వెంట్లను సీసా మీద రాసిన సమయం దాటి వదిలేస్తే బారెల్‌కే హాని అన్న హెచ్చరిక కూడా లేదు. 1975 నాటి మాగ్నూసన్–మాస్ వారంటీ చట్టం, రాతపూర్వక వారంటీ షరతులు వినియోగదారుడికి తేలిగ్గా అర్థమయ్యే మాటల్లో పూర్తిగా చెప్పాలంటుంది. మూడు చోట్ల మూడు రకాలుగా ఉన్న సూచనను షరతుగా చూపించి వారంటీ ఎలా తిరస్కరిస్తారు?

వాడిన ప్రతిసారీ తోమాలన్న నియమానికి ఒకప్పుడు గట్టి కారణమే ఉండేది. పాత ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది కాలితే బారెల్‌లో ఒక రకం ఉప్పు మిగిలి, గాలిలోని తేమను పీల్చి, రాత్రికి రాత్రే తుప్పు పట్టించేది. సైనికులు ఆ రోజే బారెల్ కడిగేవారంటే అందుకే. అమెరికా సైన్యం 1950ల మొదట్లో ఆ ప్రైమర్లను వదిలేసింది. ఇప్పుడు అంగళ్ళలో మామూలుగా దొరికే ప్రైమర్లు, నేను వాడేవి కూడా, ఉప్పు మిగల్చవు. కారణం పోయింది, వాక్యం మాత్రం మీ మాన్యువల్‌లో మిగిలింది.

శుభ్రతను నేను తేలిగ్గా తీసుకుంటున్నానని దయచేసి అనుకోవద్దు. కేసు మూతికి ముందు, గాడులు మొదలయ్యే థ్రోట్ దగ్గర మసి వలయంలా గట్టిపడుతుందని నాకు తెలుసు. దాన్ని వదిలేస్తే అదే పౌడర్ బరువుకు ఒత్తిడి పెరుగుతుంది. ఈ తూటాకు పరిశ్రమ ప్రమాణాల సంస్థ సామీ పెట్టిన గరిష్ఠ ఒత్తిడి 62,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). పౌడర్ పెంచుతూ పరీక్షించే మనిషికి అది ప్రాణం మీదికి వచ్చే విషయం. అందుకే క్రోనోగ్రాఫ్ వేగం కారణం లేకుండా పెరుగుతోందా, బోల్ట్ (తూటాను లోపల బిగించే గడియ) ఎత్తడం బరువవుతోందా అని చూసుకుంటూ ఉంటాను. హెచ్ 4350 ఎండకు పెద్దగా మారే పౌడర్ కాదు కాబట్టి, టెక్సాస్ వేసవిలో కూడా వేగం పెరుగుదలను వాతావరణం మీదికి తోసేయను. గన్‌స్మిత్ థ్రోట్ దగ్గర కూడా చూశారు. మసి వలయం లేదు.

ఇక మీ నీలం ప్యాచ్. రాగిని కరిగించే సాల్వెంట్ రాగికి తగిలితే నీలంగా మారుతుంది, నిజమే. కానీ ఇత్తడి జాగ్‌నో (రాడ్ కొనకు ఉండి ప్యాచ్‌ను పట్టుకునే మొన), కంచు బ్రష్‌నో వాడితే వాటిలోని రాగి వల్ల కూడా ప్యాచ్ నీలమే అవుతుంది. మీ టెక్నీషియన్ ఏ జాగ్ వాడారో రిపోర్టులో లేదు. నికెల్ పూత ఉన్నదో, ప్లాస్టిక్‌దో వాడి ఉంటే ఆ మాట రాయండి. అయినా ఆ నీలం బారెల్‌లోని రాగిదే అనుకుందాం. అంత రాగి అక్కడే ఎందుకు చేరిందన్న ప్రశ్నకు ఆ ఫోటో జవాబు కాదు. బోర్‌స్కోప్ ఫోటో ఒక్కటి పెట్టి ఉంటే ఈ ఉత్తరం అవసరం ఉండేది కాదు. శుభ్రం చేసే రాడ్‌ను మూతి వైపు నుంచి దూర్చారా, వెనక నుంచి రాడ్ తిన్నగా పోయేలా చేసే బోర్ గైడ్ పెట్టి దూర్చారా అన్నది కూడా చెప్పండి. మూతి అంచు దెబ్బతింటే గురి అక్కడే పోతుంది. మీ దగ్గరికి పంపకముందు నా బారెల్ అంచుకు ఏ దెబ్బా లేదు, ఆ ఫోటోలు కూడా జత చేశాను.

హ్యాండ్‌లోడ్ల వల్ల జరిగే నష్టానికి వారంటీ లేదన్న మీ నిబంధన చదివాకే రైఫిల్ కొన్నాను. దాంతో నాకు పేచీ లేదు. ఎక్కువ పౌడర్ వేసి ఎవరైనా తూటా కూర్చునే చాంబర్ పగలగొట్టుకుంటే ఆ ఖర్చు మీరెందుకు భరించాలి? కానీ నా రైఫిల్‌లో ఏదీ పగల్లేదు, ఉబ్బలేదు. రీమర్ గీతలు ఏ తూటా వల్లా పడవు. అవి మీ ఫ్యాక్టరీలో పడ్డవి.

కాబట్టి నేను అడిగేది బారెల్ మార్పు. మార్చడానికి ముందు మళ్ళీ పరీక్షిస్తామంటే అభ్యంతరం లేదు, అయితే నేను చెప్పిన పద్ధతిలో పరీక్షించండి. లోహం దాకా శుభ్రం చేయండి, కొన్ని ఫౌలింగ్ షాట్లు వదిలేయండి, ఆపైన మీకు నచ్చిన ఫ్యాక్టరీ మ్యాచ్ తూటాలు రెండు పెట్టెలు మధ్యలో తోమకుండా, బారెల్ చల్లారనిస్తూ కాల్చండి. ప్రతి గ్రూప్ టార్గెట్‌నూ, ముందూ తర్వాతా తీసిన బోర్‌స్కోప్ ఫోటోలనూ నాకు పంపండి. శుభ్రం చేసినందుకు, రవాణాకు నా దగ్గర తీసుకున్న డబ్బు వెనక్కి ఇవ్వండి. మాన్యువల్‌లో ఆ మూడు సూచనల స్థానంలో ఒక్కటే స్పష్టమైన సూచన రాయండి. హ్యాండ్‌లోడ్లు పరీక్షించేవాళ్ళకు విడిగా ఒక పేరా ఇస్తే ఇంకా మంచిది, మీ రైఫిళ్ళు కొనేవాళ్ళలో అలాంటివాళ్ళు తక్కువేమీ కాదు.

టెక్సాస్‌లో జింకల సాధారణ వేట సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది. అంతకుముందే ఇది తేలాలని కోరుకుంటున్నాను. ముప్పై రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబివ్వండి. రైఫిల్ పెట్టెలో సర్ది సిద్ధంగా ఉంచాను, ఈసారి షిప్పింగ్ లేబుల్ మీరే పంపండి.

ఇట్లు,
మీ రైఫిల్ కొన్న వినియోగదారుడు,
డాలస్, టెక్సాస్

జతచేసినవి: కొనుగోలు రసీదు, మీ రిపోర్టు ప్రతి, షాట్ల పుస్తకం పేజీలు, టార్గెట్లు, బోర్‌స్కోప్ ఫోటోలు, బారెల్ మూతి ఫోటోలు