తాళం పడని తలుపు గురించి కూడా రాయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

అమెరికాలో సామూహిక కాల్పుల మీద పోయిన ఆదివారం మీరు వేసిన పెద్ద వ్యాసం చదివినప్పటి నుంచి మనసు ఊరుకోక రాస్తున్నాను. నేరశాస్త్రం ఏమంటోందో చెబుతామని మొదలుపెట్టి, సగం పేజీ హంతకుడి ఫొటోకీ, వాడి చిన్నతనానికీ, ఇంట్లో గొడవలకీ ఇచ్చారు. చివరికి తేల్చింది వాడికి మతి చలించిందని. ఆ మాట చెప్పడానికి నేరశాస్త్రం ఎందుకండీ?

బెంగళూరులో చాలా ఏళ్లు డిగ్రీ పిల్లలకు సోషియాలజీ చెప్పినదాన్ని. మీరు రాసిన ఒత్తిడి సిద్ధాంతం తప్పు కాదు. 1938లో అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ చెప్పినదాన్ని 1992లో రాబర్ట్ ఆగ్న్యూ ఇంకా విస్తరించారు. అవమానాలు, ఓటములు పేరుకుపోతే కోపం నేరం వైపు నెడుతుందని. కానీ అవమానాలు పడ్డవాళ్లు కోట్లమంది ఉన్నారు, వాళ్లంతా తుపాకీ పట్టుకుని బడికి వెళ్లడం లేదు కదా. అక్కడి నుంచి ముందుకు వెళ్లాలంటే మనిషిని పదిమందితో కట్టి ఉంచే బంధాల గురించి 1969లో ట్రావిస్ హిర్షీ రాసింది చూడాలి, 1979లో కోహెన్, ఫెల్సన్ ఇచ్చిన రొటీన్ యాక్టివిటీ సిద్ధాంతం చూడాలి. నేరానికి సిద్ధపడ్డవాడు, వాడికి అందే లక్ష్యం, అడ్డుకునేవాళ్లు లేకపోవడం, ఈ మూడూ ఒకేచోట కలిసినప్పుడే నేరం జరుగుతుందని వాళ్లంటారు.

టెక్సస్‌లోని ఉవాల్డే ఊరి సంగతే తీసుకోండి. 2022 మే 24న అక్కడి బడిలో జరిగిన కాల్పుల్లో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. కాల్చిన కుర్రాడు హైస్కూలుకు సరిగ్గా రావడం లేదని అంతకుముందే పేరు తీసేశారు. ఆన్‌లైన్‌లో తెలిసినవాళ్లు వాడిని ‘స్కూల్ షూటర్’ అనే పిలిచేవారు. 18 నిండగానే చట్టప్రకారమే రెండు రైఫిళ్లు కొనుక్కున్నాడు. మన ఆయుధాల చట్టంలో అయితే లైసెన్సుకు 21 నిండాలి. ఇక కాల్పులు జరిగిన 111వ నంబరు గది తలుపుకు తాళం సరిగ్గా పడదని బడిలో తెలుసు, అయినా బాగుచెయ్యమని కాగితం మీద పెట్టినవాళ్లు లేరని టెక్సస్ శాసనసభ కమిటీ నివేదికలోనే ఉంది. మొత్తం 376 మంది పోలీసులు వచ్చారు, హంతకుణ్ణి ఆపడానికి 77 నిమిషాలు పట్టింది. మీ వ్యాసంలో వీటిలో ఒక్కటైనా ఉందా?

పైగా మతి చలించిందని రాస్తే నష్టపోయేది ఎవరు? మానసిక జబ్బు ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఎవరి జోలికీ పోరు. నిమ్హాన్స్ లాంటి పెద్ద మానసిక ఆసుపత్రి ఉన్న మా ఊళ్లోనే, అక్కడికి వెళ్తే ఎవరైనా చూస్తారేమోనని జంకే కుటుంబాలు నాకు తెలుసు. ఆ పక్కన ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416 అయినా వేయలేదు మీరు.

ఇదంతా మనకెందుకని అనుకోకండి. మా మారతహళ్లి అపార్ట్‌మెంట్‌లో డల్లాస్ వైపు పిల్లలున్న ఇళ్లు బోలెడు. 2023 మేలో అక్కడికి దగ్గర్లోని అలెన్ మాల్‌లో కాల్పులకు ఎనిమిది మంది చనిపోయారు, వాళ్లలో మన తెలుగమ్మాయి ఉంది. ఆ రాత్రి మా బ్లాకులో ఎవరూ నిద్రపోలేదు. అదే ఏడాది డిసెంబరు 1న ఇక్కడ నలభైకి పైగా బడులకు బాంబు బెదిరింపు మెయిళ్లు వచ్చాయి, తల్లిదండ్రులు ఆఫీసుల నుంచి పరుగులు పెట్టారు. ఉత్తుత్తి బెదిరింపని తేలింది, సంతోషం. ఆ తర్వాత ఏం మారింది? మా మనవడి బడి గేటు దగ్గర ఇప్పటికీ పురికొసతో కట్టిన పెన్ను, ఒక రిజిస్టరు, తలెత్తకుండానే సంతకం పెట్టమనే గార్డు. మెటల్ డిటెక్టర్ బ్యాటరీ లేక కుర్చీ కింద పడి ఉంటుంది. అడిగితే పైనుంచి సర్క్యులర్ రాలేదంటారు. పై ఆఫీసులో అడిగితే బడివాళ్ల బాధ్యత అంటారు. రోడ్ల గుంతల నుంచి కాలువల పూడిక దాకా ఈ ఊళ్లో అన్నిటికీ ఇదే జవాబు, విని విని విసిగిపోయాం. అడ్డుకునేవాళ్లు లేకపోవడమంటే ఇదేనండీ.

కనుక నా కోరిక రెండే. ఇకమీదట హంతకుడి ఫొటో వేయకండి. మీ విలేకరిని నగరంలోని కొన్ని బడులకు పంపి, గేట్లు, తాళాలు, గార్డులకు ఇచ్చిన శిక్షణ, పిల్లలు భయం చెప్పుకోవడానికి కౌన్సెలర్ ఉన్నారా లేదా, ఇవన్నీ చూసి అదే సగం పేజీలో వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్చరర్,
మారతహళ్లి, బెంగళూరు