పుస్తక విభాగం వార్షిక నివేదిక

సర్వసభ్య సమావేశానికి వచ్చిన పెద్దలకు, సోదర సోదరీమణులకు నమస్కారం.

సంక్రాంతి, ఉగాది వేడుకలు ఎప్పటిలాగే బాగా జరిగాయి. వాటి సంగతి సాంస్కృతిక విభాగం చెబుతుంది. ఈ ఏడాది సంఘం గర్వంగా చెప్పుకోవలసిన పని మాత్రం అక్టోబరులో మేం పెట్టిన కెనడా వంట పుస్తకాల ప్రదర్శన.

1998లో వంట నిపుణుల సంఘమైన క్యుజీన్ కెనడా, గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం కలిసి మొదలుపెట్టిన వంట పుస్తకాల పురస్కారాలే ఇవాళ్టి టేస్ట్ కెనడా. ఇంగ్లీషు పుస్తకాలకూ ఫ్రెంచి పుస్తకాలకూ విడివిడిగా బహుమతులిస్తారు. ఆ బహుమతులు పొందిన పుస్తకాలు గ్రంథాలయం నుంచి తెచ్చి బల్లల మీద పరిచాం. పక్కనే టొరంటో రచయితలు నయోమీ డుగిడ్, జెఫ్రీ ఆల్ఫర్డ్ 2005లో మన ఉపఖండపు వంటల మీద తెచ్చిన 'మ్యాంగోస్ అండ్ కరీ లీవ్స్' కూడా పెట్టాం. పేరులోనే మామిడి, కరివేపాకు ఉన్న ఆ పుస్తకం దగ్గర అమ్మమ్మలు చాలాసేపు నిలబడ్డారు.

వైన్ పుస్తకాల బల్ల ఎందుకని కొందరు అభ్యంతరం చెప్పారు. అది ఒంటారియో రైతు చరిత్ర, అందుకే పెట్టాం. మైనస్ 8 డిగ్రీలు, అంతకన్నా చలిలో తీగ మీదే గడ్డకట్టిన ద్రాక్షను కోసి ఐస్‌వైన్ చేస్తారు. నయాగరాలోని ఇన్నిస్కిలిన్ అనే వైన్ తయారీ సంస్థ వారి 1989 నాటి ఐస్‌వైన్ 1991లో ఫ్రాన్సులోని విన్‌ఎక్స్‌పో అనే వైన్ ప్రదర్శనలో అత్యున్నత బహుమతి గెలిచాకే ప్రపంచం ఈ ప్రాంతపు తోటల వైపు చూసింది. వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చిన మనవాళ్లు ఈ సంగతి ఎంతో ఆసక్తిగా అడిగి తెలుసుకున్నారు.

అందరినీ ఎక్కువగా కదిలించింది 1877 నాటి 'ద హోమ్ కుక్ బుక్' కథ. టొరంటో, ఇతర పట్టణాల ఆడవాళ్లు తమ ఇంటి వంటకాలు పోగుచేసి, పిల్లల ఆసుపత్రి సహాయార్థం అచ్చు వేయించిన పుస్తకమది. వంటకాల కింద ఇచ్చినవారి పేర్లున్నాయి. ఆ పేర్లు ఇవాళ్టికీ ఆ పుస్తకంలో నిలిచాయి. మన ఇళ్ల వంటలతో మనమూ ఒక పుస్తకం తేవాలని ఆ రోజే తీర్మానించుకున్నాం.

ఇక బాధ కలిగించే మాట. వాలంటీర్ల జాబితాలో పేరు రాసినవారిలో సగంమంది బల్లలు మోసే వేళకు లేరు, భోజనాల వేళకు వచ్చారు. హాలు రుసుము ముందే కట్టినా సంబంధిత అధికారులు చివరి వారంలో గది మార్చారు, ఉత్తరం రాస్తే జవాబు లేదు. అయినా పని ఆగలేదంటే తెల్లవారుజామునే వచ్చిన యువజన విభాగం పిల్లల చలవే. పుస్తకాలు ఇప్పించిన గ్రంథాలయ సిబ్బందికి, పులిహోర, గారెలు చేసి తెచ్చిన అక్కచెల్లెళ్లకు, కారు పెట్టుకుని పెద్దల్ని దింపిన సభ్యులకు, ఫొటోలు తీసిన తమ్ముళ్లకు పేరుపేరునా కృతజ్ఞతలు.

జమాఖర్చుల పట్టీ కోశాధికారి గారు మీకు అందజేశారు. తనిఖీ అయింది, అప్పులేమీ లేవు.

మనం తేబోయే వంటల పుస్తకానికి ఇంతవరకు వచ్చిన వంటకాలు చాలా తక్కువ. వచ్చిన వాటిలోనూ 'ఉప్పు తగినంత, చింతపండు నిమ్మకాయంత' అనే ఉంది. ఇక్కడ పుట్టిన పిల్లలు వండుకోవాలంటే గ్రాముల్లో, కప్పుల్లో రాయండి. పెరట్లో వేసవిలో పండే గోంగూరతో చేశారా, దుకాణంలో దొరికే గడ్డకట్టిన గోంగూరతోనా అన్నదీ రాయండి, పులుపులో తేడా ఉంటుంది. ఒకసారి తూచి, వండి, రుచి చూశాకే పంపండి. గడువు జనవరి నెలాఖరు. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లని అడిగి మొదట వాళ్లవే రాసి పంపండి.

ఇట్లు,
కార్యదర్శి, పుస్తక విభాగం