గోడపత్రిక నుంచి తీసిన చార్టుల గురించి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

తొమ్మిదో తరగతి పిల్లలు ‘మనకు తెలియని చరిత్ర’ పేరుతో వరండాలో పెట్టిన గోడపత్రిక నుంచి నాలుగు చార్టులను తీయించినందుకు పిల్లలు చిన్నబుచ్చుకున్నారని వారం రోజులుగా గేటు దగ్గరా, వాట్సాప్ గ్రూపులోనూ మీరు మాట్లాడుకుంటున్నారు. తీయించింది నేనే కనుక, కారణం కూడా నేనే చెప్పాలి.

మన జాతీయగీతాన్ని ప్రపంచంలోకెల్లా ఉత్తమమైనదిగా యునెస్కో ప్రకటించిందని ఒక చార్టులో ఉంది. యునెస్కో అలాంటి ప్రకటన ఏనాడూ చేయలేదు. ఎక్కడ చదివావని అడిగితే, నాన్నగారి ఫోనులో వచ్చిందని ఆ అబ్బాయి చెప్పాడు. అదే గీతాన్ని రవీంద్రనాథ్ ఠాగూర్ 1919లో మన మదనపల్లెలో ఉండగా ఇంగ్లీషులోకి అనువదించారన్న సంగతిని అతనే ఇప్పుడు కొత్త చార్టుగా రాస్తున్నాడు.

హీలియం అనే మూలకాన్ని మన గుంటూరులోనే కనుగొన్నారంటూ రాసిన ‘హీలియం పుట్టిల్లు గుంటూరు’ అన్న చార్టును మాత్రం నేను తీయించలేదు, సరిచేయించాను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి ఫ్రాన్సు నుంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరుకు వచ్చారు, మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన పోగ్సన్ మచిలీపట్నం నుంచి చూశారు. సూర్యుని అంచున ఎగసే జ్వాలలను గ్రహణం లేకుండానే చూడవచ్చని జాన్సెన్ మర్నాడే గుంటూరులో చూసి తేల్చారు. అది గొప్ప విషయమే గాని, కొత్త మూలకాన్ని కనుగొన్నానని ఆయన ప్రకటించలేదు. ఆ జ్వాలల కాంతిని రంగులుగా విడదీస్తే కనిపించే వర్ణపటంలోని పసుపు గీత సోడియం గీతలతో సరిపోవడం లేదని గుర్తించి, అది తెలియని మూలకానిదని వాదించినవారు ఇంగ్లండులోని ఖగోళ శాస్త్రవేత్త లాకియర్. హీలియం అన్న ఆ మూలకం భూమి మీద రసాయన శాస్త్రవేత్త రామ్సే చేతికి చిక్కింది 1895లో. ఇంత కథను ఒక్క ముక్కలో ‘గుంటూరులో కనుగొన్నారు’ అని తేల్చేస్తే, ఇరవై ఏడేళ్ల శ్రమనూ, సందేహాన్నీ పిల్లలకు దక్కకుండా చేసినవాళ్లమవుతాం. చరిత్ర మీద ప్రేమ ఉన్నవాళ్లం ఆ పని చేయకూడదు.

ఆ చార్టు గీసిన ఇద్దరమ్మాయిలను తలచుకుంటే నాకు ఎంతో గర్వంగా ఉంది. పసుపు గీతను మొదట సోడియం గీతల మీదే గీసినవాళ్లు, గ్రంథాలయంలో మూడు మధ్యాహ్నాలు కూర్చుని, సోడియంవి 589 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఉంటే ఇది 587.6 దగ్గర ఉందని తెలుసుకుని, వైట్‌నర్‌తో చెరిపి వెంట్రుకవాసి పక్కన మళ్లీ గీశారు. ఆ వైట్‌నర్ మరకను అలాగే ఉంచమన్నాను.

మీరంతా పిల్లల చదువు మీద ఎంతో శ్రద్ధ ఉన్నవారే. అయినా రాత్రి పదకొండింటికి ఫోనులో వచ్చినదాన్ని చదివి వినిపించి, ‘ఇది మీ టీచరుకు కూడా తెలియదు’ అని చెప్పి పంపడం, ప్రాజెక్టు చార్టులను నెట్ సెంటరులో ప్రింటు తీయించి ఇవ్వడం దయచేసి మానండి. పిల్లల అక్షరాలు వంకరగా ఉన్నా మాకు అవే కావాలి.

రెండో టర్మ్ ఫీజు గడువు, బస్సు వేళల మార్పు డైరీలో రాయించాం, చూసి సంతకం చేయండి.

సవరించిన గోడపత్రిక సోమవారం మళ్లీ వరండాలో ఉంటుంది. చార్టులు రాసిన పిల్లలు సాయంత్రం నాలుగు నుంచి అక్కడే నిలబడి, తాము ఏ పుస్తకంలో చదివి రాశారో మీకు చూపిస్తారు. తప్పక రండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు