ఏడో బెడ్ తాలూకు ఎవరండీ? – వైద్య, ఆరోగ్య శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

నమస్కారం. మాది కోనసీమ. మా నాన్నకి న్యుమోనియా ముదిరి ఒక పెద్దాసుపత్రి ఐసీయూలో 11 రోజులు ఉన్నారు. అందులో 6 రోజులు వెంటిలేటర్ మీదే. అన్ని రోజులూ నేను బయట వరండాలో చాప వేసుకుని పడుకున్నాను. తలుపు తెరిచి ‘ఏడో బెడ్ తాలూకు ఎవరండీ?’ అని కేకేస్తే చాలు, గుండె ఆగినంత పనయ్యేది. తీరా వెళ్తే మందుల చీటీ చేతిలో పెట్టేవారు. నాన్నకి ఎలా ఉందని అడిగితే ‘సీరియస్సేనమ్మా, చూస్తున్నాం’ అనేవారు. సాయంత్రం ఒక్కరిని, పది నిమిషాలు లోపలికి పంపేవారు. మా తమ్ముడు దోహాలో ఏసీ మెకానిక్. గంటకోసారి ఫోన్ చేసి ‘అక్కా, నాన్న కళ్లు తెరిచారా?’ అనేవాడు. నాకు తెలిస్తే కదా చెప్పడానికి.

వెంటిలేటర్ తీసిన రోజు ‘పిలిస్తే పలకట్లేదు, అయోమయంగా ఉన్నారు’ అన్నారు. సాయంత్రం లోపలికి వెళ్లి చూస్తే సిస్టర్ ఎడమ పక్కన నిలబడి పిలుస్తోంది. నాన్నకి ఎడమ చెవి చిన్నప్పటి నుంచీ వినపడదు. నేను కుడి పక్కకి వెళ్లి ‘నాన్నా’ అన్నాను. తల తిప్పి చూశారు. కళ్లజోడు కావాలని చేత్తో సైగ చేశారు. అది అన్ని రోజులూ నా సంచిలోనే ఉంది.

సిస్టర్‌ని తప్పుపట్టను. పాపం ఆమెకి ఆ సంగతి చెప్పే దారి మాకు లేదు, మమ్మల్ని అడిగే తీరిక ఆమెకి లేదు. ఆ దారి వేయమని అడగడానికే ఈ ఉత్తరం.

వాట్సాప్‌లో ప్రభుత్వ సేవలు ఇవ్వడానికి 2025 జనవరిలో ‘మన మిత్ర’ మొదలుపెట్టిన రాష్ట్రం మనది. సర్టిఫికెట్లు ఫోన్‌కి వస్తున్నాయి. ఐసీయూ నుంచి రోజుకి రెండుసార్లు నాలుగు ముక్కలు రాలేవా? జ్వరం తగ్గిందా, ఆక్సిజన్ ఎంత పెడుతున్నారు, రాత్రి నిద్రపోయారా, ఇవాళ కొత్తగా ఏం చేయబోతున్నారు. తెలుగులో, మామూలు మాటల్లో. చదవడం రానివాళ్లకి వాయిస్ మెసేజ్, బటన్ ఫోన్ ఉన్నవాళ్లకి కాల్. రెండు రోజులకోసారి చెప్పిన టైముకి డాక్టర్‌గారితో వీడియో కాల్ ఉంటే మా తమ్ముడి లాంటివాళ్లు కూడా విని, అడగాల్సింది అడుగుతారు. పేషెంట్‌ని చూపించే ముందు గొంతులో గొట్టం ఉంటుందని, ముఖం ఉబ్బి ఉంటుందని ఒక మాట చెప్పాలి. లేకపోతే చూసినవాళ్లు తట్టుకోలేరు.

అటునుంచి కబురు వచ్చినట్టే ఇటునుంచీ వెళ్లాలి. చేర్చిన రోజే ఇంటివాళ్లు ఫోన్‌లో నింపే ఒక చిన్న ఫారం పెట్టండి: ఏ చెవి వినపడుతుంది, కళ్లజోడు, కట్టుడుపళ్లు ఉన్నాయా, ఇంట్లో ఏమని పిలుస్తారు, దేనికి భయపడతారు. మనవళ్ల గొంతు రికార్డు చేసి పంపితే వినిపించే ఏర్పాటూ ఉండాలి. ఎవరో తనని పడవెక్కించి నడి గోదావరిలో వదిలేశారని నాన్న ఇప్పటికీ అంటారు. ఐసీయూ రోజుల్లో ఆయనకి గుర్తున్నది అదొక్కటే. ఆ పడవలోకి మా గొంతు ఒక్కసారైనా చేరి ఉంటే బాగుండేదని నాకు రోజూ అనిపిస్తుంది.

ఇదేదో నా బాధకొద్దీ అడుగుతున్నది కాదు. ఐసీయూ పేషెంట్ల బంధువుల్లో మూడో వంతు మందిలో, ఐసీయూ రోజులు గడిచి మూడు నెలలైనా, పెద్ద ప్రమాదం నుంచి బయటపడ్డవాళ్లలో ఉండేంత మానసిక ఒత్తిడి కనిపించిందని 2005లో ఫ్రాన్స్ డాక్టర్లు ప్రచురించారు. కరోనా వచ్చి తలుపులు మూసేసిన 2020లో బ్రిటన్‌లో ‘లైఫ్ లైన్స్’ పేరుతో ఐసీయూలకి ట్యాబ్లెట్లు ఇచ్చి ఇంటివాళ్లతో మాట్లాడించారు.

సిస్టర్ల మీద ఇంకో పని పడేస్తే మాత్రం ఇది నాలుగు రోజుల్లో మూలన పడుతుంది. ఎన్టీఆర్ వైద్య సేవలో పేషెంట్లకి సాయం చేయడానికి ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్రలు ఉన్నారు. ఫోన్ నంబర్, అంగీకారం తీసుకోవడం, కాల్ కలపడం వాళ్లకి అప్పగించి, అందుకు తగ్గట్టు మనుషుల్ని పెంచండి. ఇంటికొక నంబర్‌కే కబురు వెళ్లాలి. పక్క బెడ్ వీడియోలో పడకూడదు. చావు కబురు మాత్రం ఎప్పుడూ మెసేజ్‌లో రాకూడదు, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాలి. ఫోన్ ఉంది కదా అని ఆ పది నిమిషాల చూపు తీసేయొద్దు. కుదిరితే దాన్ని గంట చేయండి.

ముందు ఒక్క బోధనాసుపత్రిలో మొదలుపెట్టండి. ఈసారి మీరు తనిఖీకి వెళ్లినప్పుడు ఐసీయూ లోపల చూసి వచ్చాక, వరండాలో చాప మీద కూర్చున్న ఎవరినైనా ‘ఇవాళ మీవాళ్లకి ఎలా ఉంది?’ అని అడగండి.

ఇట్లు,
ఏడో బెడ్ పేషెంట్ కూతురు,
కోనసీమ