నీ నాచు సంగతి

ఒరేయ్ శీనూ,

కవరు అందింది. మీ మామయ్య తోటలో, అనంతగిరి అడవి అంచున వాగు గట్టు మీద గీకిన నాచుని పాత పేపర్లో మడిచి పంపావు చూడు, సగం పని అక్కడే అయిపోయింది. అదే ప్లాస్టిక్ కవరైతే హైదరాబాద్ చేరేలోపే బూజు పట్టేది.

విప్పితే టీ పొడిలా ఉంది. మా ఆవిడ పారబోసేదే! సాసర్లో నాలుగు చుక్కల నీళ్లు చల్లేసరికి కాసేపట్లోనే పచ్చగా విచ్చుకుంది.

ఫెర్న్ పిల్ల అనుకున్నానన్నావు. నీ తప్పేం లేదు, కాడకి అటో వరస, ఇటో వరస ఆకులు, అంతా చదునుగా ఉంది. మా అపార్ట్‌మెంట్ ప్రహరీ మీద పట్టే హయోఫిలా అనే నాచు అలా కాదు, ఆకులు కాడ చుట్టూ వస్తాయి, ఎండితే అంచులు లోపలికి చుట్టుకుంటాయి. రెండే వరసలనగానే నాకు నాచుకి చుట్టమైన లివర్‌వర్ట్ అనే చిన్న మొక్క మీదికి పోయింది అనుమానం. కానీ లివర్‌వర్ట్ ఆకుకి నడిమి ఈనె ఉండదు, దీనికి నిక్షేపంలా ఉంది. సూదితో ఒక్క ఆకు ఊడదీసి లెన్సు కింద పెట్టానా, మొదలు దగ్గర రెండు పొరలుగా చీలి ఉంది! ఆ జేబులోనే కాడ ఇరుక్కుని ఉంటుందన్నమాట. ఇంకేం, ఫిస్సిడెన్స్. హెడ్విగ్ అనే వృక్షశాస్త్రవేత్త పెట్టిన పేరుతో 1801లో అచ్చయిన ప్రజాతి.

అందులో ఏ జాతి అంటావా? అక్కడే చిక్కు. ఫిస్సిడెన్స్‌లో 400 పైనే ఉన్నాయి. పాప స్కూలు ప్రాజెక్టు కోసం కొన్న మైక్రోస్కోపులో చూస్తే, పొడుగు కణాల అంచు జేబు దగ్గర మాత్రమే కనబడింది, పైన లేదు. దాంతో చాలా పేర్లు ఎగిరిపోయాయి గానీ ఒక్కటే మిగలలేదు. ఫోన్ యాప్ మాత్రం ఫొటో చూసి టక్కున పేరు చెప్పేసింది. ఆకు మొదలే కనబడని ఫొటోకి అంత ధైర్యమేంట్రా దానికి!

ఈసారి కాయ ఉన్న మొక్కలు వెతుకు. సన్నటి తొడిమ మీద గింజంత ఉంటుంది. ఆ తొడిమ మొక్క కాడ కొస నుంచి వచ్చిందా, పక్క నుంచా అన్నది కావాలి నాకు. కాయ మూతి చుట్టూ 16 పళ్లుంటాయి, ఒక్కోటీ రెండుగా చీలి. వాటినీ చూడాలి. మట్టి మీద తీశావా, రాయి మీదా, నీడ ఎంత, ఇవన్నీ పొట్లం మీదే పెన్సిల్‌తో రాయి. పిడికెడు అక్కర్లేదు, చిటికెడు చాలు. అత్తయ్య మామిడి తాండ్ర పంపితే మాత్రం పిడికెడు కుదరదని చెప్పు.

నీ
రాజు