నీ హుడీ కుట్టేవాళ్ల యూనియన్ గురించి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. చదువు, పార్ట్‌టైమ్ పని రెండూ నెట్టుకొస్తూ కూడా అంత తీరిగ్గా రాశావు, చాలా సంతోషమేసింది. మీ ఊళ్లో చలి సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు నువ్వడిగిన ప్రశ్న. మీ యూనివర్సిటీ పేరుతో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో యూనియన్ పెట్టబోయినవాళ్లని తీసేశారని మీ క్లాసువాళ్లు సంతకాలు అడుగుతున్నారు, "నచ్చకపోతే ఆ బట్టలు కొనడం మానేస్తే పోలా?" అన్నావు. పోదురా. అందరూ కొనడం మానేస్తే ఆర్డరు పోతుంది, ఆర్డరు పోతే ముందు రోడ్డున పడేది ఆ కుట్టేవాళ్లే.

అట్లిస్కో సంగతి చెప్తా విను. మెక్సికోలో ప్యూబ్లా రాష్ట్రంలో ఉంది ఆ ఊరు. అక్కడ కుక్‌డాంగ్ అని కొరియావాళ్ల ఫ్యాక్టరీలో 800 మందికి పైగా పనిచేసేవాళ్లు, ఎక్కువమంది చిన్నవయసు ఆడపిల్లలు. నైకీ, రీబాక్ కోసం అమెరికా యూనివర్సిటీల స్వెట్‌షర్టులు కుట్టేవాళ్లు, అచ్చం నువ్విప్పుడు వేసుకు తిరుగుతున్నలాంటివే. క్యాంటీన్‌లో పాడైపోయిన మాంసం పెడుతున్నారని 2000 డిసెంబర్‌లో అక్కడ తిండి మానేశారు. దానికి ముందుండి నడిపించిన ఐదుగుర్ని ఉద్యోగంలోంచి తీసేశారు. జనవరి 9న మిగతావాళ్లు పని ఆపి ఫ్యాక్టరీ ఆవరణలోనే కూర్చున్నారు. మూడో రోజు రాత్రి పోలీసులొచ్చి కొట్టి బయటికి తరిమారు.

నన్ను బాగా కదిలించింది ఇది కాదు. ఆ ఫ్యాక్టరీలో అప్పటికే ఒక యూనియన్ ఉంది! పనివాళ్లు ఎన్నుకున్నది కాదు, యజమాని తనకి అనుకూలమైన యూనియన్ నాయకులతో ముందే ఒప్పందం రాసేసుకున్నాడు, ఆ కాగితం ఒకటి ఉంటే వేరే యూనియన్‌కి చోటుండదు. మెక్సికో అంతటా ఇదే పద్ధతి నడిచేది. సంఘం పెట్టుకునే స్వేచ్ఛ గురించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) 87వ ఒడంబడికని మెక్సికో 1950లోనే ఆమోదించింది, నైకీ నియమావళిలో కూడా ఆ హక్కు రాసుంది, అయినా కుట్టుమెషిన్ ముందు కూర్చున్న పిల్లకి ఏదీ అక్కరకి రాలేదు. (ఈ 87, యజమానితో కలిసి బేరమాడే హక్కు గురించిన 98, రెండూ మన దేశం ఇంతవరకు ఆమోదించలేదు, నువ్వున్న అమెరికా కూడా అంతే. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది.)

మరి ఏం పనిచేసిందంటే, కొనేవాడి ఒత్తిడి. 1999లో డ్యూక్, జార్జ్‌టౌన్, విస్కాన్సిన్ లాంటి చోట్ల విద్యార్థులు ఆఫీసుల్లో బైఠాయించి మా బట్టలు ఏ ఫ్యాక్టరీలో కుడుతున్నారో పేర్లు చెప్పండని పట్టుబట్టారు. ఆ ఉద్యమంలోంచే 2000లో వర్కర్ రైట్స్ కన్సార్టియం అనే సంస్థ పుట్టింది. కుక్‌డాంగ్‌లో గొడవ జరగ్గానే వాళ్ల బృందం వెళ్లి, పనివాళ్లతో మాట్లాడి, హక్కులు తొక్కేశారని నివేదిక ఇచ్చింది. క్యాంపస్‌ల నుంచి ఒత్తిడి ఆగలేదు, నైకీ ఫ్యాక్టరీని అడగక తప్పలేదు, తీసేసినవాళ్లు మళ్లీ పనిలోకొచ్చారు. 2001 సెప్టెంబర్‌లో వాళ్ల సొంత యూనియన్ సిటెమెక్స్‌కి గుర్తింపొచ్చింది. ఫ్యాక్టరీ పేరు కూడా మెక్స్‌మోడ్‌గా మారింది, మరుసటేడు జీతాలు పెరిగాయి.

చూశావా, అక్కడ గెలిచింది ఆ అమ్మాయిలే. విద్యార్థులు చేసిందల్లా నైకీని తప్పించుకోనివ్వకపోవడం. నైకీ అప్పుడు చేతులు దులుపుకుని ఇంకో దేశానికి ఆర్డరు మార్చేసి ఉంటే ఆ యూనియన్ ఎవరితో బేరమాడాలి? అందుకే ఆర్డరు ఆపండి అనకూడదు, ఆర్డరు ఉంచండి, తీసేసినవాళ్లని వెనక్కి తీసుకోమనండి అనాలి. కంపెనీలు తనిఖీకి పంపే ఆడిటర్ చెప్పి మరీ వచ్చి, మేనేజర్ ఎదురుగా నిలబెట్టి "మీకేమైనా ఇబ్బందా?" అని అడిగితే ఎవరు నోరు విప్పుతారు చెప్పు? రోజూ అక్కడే ఉండే సొంత యూనియనైతే క్యాంటీన్ తిండి దగ్గర్నుంచి ఓవర్‌టైమ్ డబ్బుల దాకా అడగ్గలదు.

మెక్సికోలో చట్టం మారడానికి 2019 దాకా పట్టింది. ఇప్పుడు ఒప్పందాన్ని పనివాళ్లు రహస్య ఓటుతో ఒప్పుకోవాలి. అక్కడి సిలావో అనే ఊళ్లో జనరల్ మోటార్స్ కార్మికులు 2021లో పాత యూనియన్ ఒప్పందాన్ని అలాగే ఓటేసి కొట్టేశారు, 2022 ఫిబ్రవరిలో తమకి కావాల్సిన కొత్త యూనియన్‌ని గెలిపించుకున్నారు.

కాబట్టి సంతకం పెట్టు. పెట్టేముందు ఆ కాగితంలో ఏం అడుగుతున్నారో చదువు, "కాంట్రాక్టు రద్దు చేయండి" అని మాత్రమే ఉంటే మీవాళ్లతో మాట్లాడి మార్పించు. మీ యూనివర్సిటీ ఆ కన్సార్టియంలో సభ్యురాలో కాదో కనుక్కో, ఫ్యాక్టరీల జాబితా అడుగు. వీసా మీద ఉన్నావు కాబట్టి ధర్నాల విషయంలో టెన్షన్ ఉంటే అర్థం చేసుకోగలను, బట్టల మీద యూనివర్సిటీ పేరు వాడుకోడానికి అనుమతిచ్చే లైసెన్సింగ్ ఆఫీసుకి ఒక మెయిల్ రాయడానికి మాత్రం వెనకాడకు. వాళ్లేం జవాబిచ్చారో నాకు రాయి. ఆ ఫ్యాక్టరీ ఏ దేశంలోదో కూడా చెప్పలేదు నువ్వు, అది ముందు చెప్పు.

ఇక్కడ అందరూ బాగున్నారు. అమ్మ నిన్నడిగానని చెప్పమంది.

నీ
మురళి