జాకీ మీద కారు, కింద మనిషి

సంపాదకులకు నమస్కారం.

ఫోన్లో వీడియో చూసుకుంటూ ఇంటి ముందే కారు రిపేరు చేసుకునేవాళ్లు మా విజయవాడలో ఈమధ్య బాగా కనిపిస్తున్నారు. తప్పని నేననను. ఆర్టీసీ డిపో గ్యారేజీలో 31 ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ని, నేనూ పెద్దవాళ్లు చేస్తుంటే చూసి నేర్చుకున్నవాణ్నే. కానీ పోయిన నెల మా మేనల్లుడి ఇంటి ముందు చూసింది మాత్రం నలుగురికీ చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

వాళ్లుండేది అజిత్‌సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు వచ్చినప్పుడు వాడి ఆల్టో సీట్ల పైదాకా మునిగింది. నీళ్లు తగ్గాక ఇంజిన్, వైరింగు, సీట్లు అన్నీ బాగుచేయించాడు. చక్రాల వెనక ఏమైందో మాత్రం ఎవరూ చూడలేదు. మురికినీళ్లలో రోజుల తరబడి నానిన బండికి బాల్ జాయింట్ (చక్రం అటూ ఇటూ తిరగడానికి గుండుతో ఉండే కీలు) మీది రబ్బరు తొడుగు, అంటే బూటులో చిన్న చీలిక ఉన్నా చాలు, నీళ్లూ ఒండ్రూ లోపలికి పోతాయి. గ్రీజు పాడై లోపలి గుండు అరుగుతుంది. పైన స్టడ్డు, అంటే ఆ గుండుకు ఉండే కడ్డీ, బిగిసిన చోటేమో తుప్పు పట్టి ఇంకా బిగుసుకుంటుంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా కుడివైపు టకటకమంటోందని వాడు కొత్త లోయర్ ఆర్మ్, అంటే కొసన బాల్ జాయింట్ ఉండి చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే ఇనుప చెయ్యి, కొనుక్కొచ్చి, ఆదివారం పొద్దున్నే పని మొదలుపెట్టాడు.

పదింటికి ఫోను. "మామయ్యా, రెండు గంటల నుంచి కొడుతున్నా, కదలట్లేదు" అన్నాడు. వెళ్లి చూస్తే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. డిక్కీలో వచ్చే చిన్న జాకీ ఒక్కదాని మీద కారు నిలబడి ఉంది. పక్కన నాలుగు ఇటుకలు పేర్చాడు. చక్రం లేదు. వాడు ఛాతీ దాకా కారు కిందికి దూరి సమ్మెటతో బాదుతుంటే, ప్రతి దెబ్బకీ జాకీ ఊగుతోంది. "ముందు బయటికి రారా" అని అరిచాను. ఆ జాకీ రోడ్డు మీద టైరు మార్చుకోవడానికి ఇచ్చింది. ఇటుక మీద బరువు ఒక్కసారిగా పడితే ముక్కలైపోతుంది. ఇనుప స్టాండులు ఛాసీ కింద గట్టి చోట ఆనించి, వెనక చక్రాలకు అడ్డం పెట్టి, కారును చేత్తో ఊపి చూసుకున్నాకే కిందికి వెళ్లాలి. మా ఇంటి నుంచి స్టాండులు తెప్పించి, అవి పెట్టాకే మళ్లీ పని మొదలుపెట్టనిచ్చాను.

ఇంతకీ పాత ఆర్మ్ ఎందుకు ఊడలేదు? ఆల్టో లాంటి చిన్న కార్లలో లోయర్ బాల్ జాయింట్ స్టడ్డు నకల్‌లోకి, అంటే చక్రాన్ని మోసే ఇనుప దిమ్మలోకి, దూరి ఉంటుంది. అక్కడ నకల్‌కు ఒక చీలిక ఉంటుంది, పక్క నుంచి ఒక బోల్టు ఆ చీలికను బిగించి స్టడ్డును పట్టి ఉంచుతుంది. స్టడ్డుకు మెడలాంటి గాడి ఉంటుంది. బోల్టు ఆ గాడిలోంచే వెళుతుంది. మా వాడు బోల్టును వదులు చేశాడు గానీ బయటికి లాగలేదు. అలా ఉన్నంతకాలం వెయ్యి దెబ్బలు వేసినా స్టడ్డు రాదు. బోల్టు పూర్తిగా తీసి, తుప్పు వదిలించే నూనె కొట్టి, అరగంట ఆగి, నకల్ చీలికను కొద్దిగా మాత్రమే తెరిచి, ఆర్మ్‌ను కడ్డీతో కిందికి నొక్కితే వచ్చేసింది. ఆ చీలికలో ఉలి పెట్టి బలంగా కొడితే నకల్ చెవి పగులుతుంది. అప్పుడు నకల్ మొత్తం మార్చాల్సిందే.

స్టీరింగును చక్రానికి కలిపే కడ్డీ కొసన ఉండే కీలు, అదే టై రాడ్ ఎండ్, దాని సంగతి వేరు. దాని స్టడ్డు ఒకవైపుకు పోనుపోను సన్నగా ఉంటుంది. నట్టు బిగించేకొద్దీ, సీసాకు బిరడా నొక్కినట్టు, నకల్ కన్నంలోకి బిగుసుకుపోతుంది. నట్టు తీసినంత మాత్రాన వదలదు. మా వాడు నట్టు తీసేసి స్టడ్డు కొస మీదే కొట్టాడు. మర నలిగిపోయింది, ఆ ముక్క పనికిరాకుండా పోయింది. నట్టును పూర్తిగా తీయకుండా, స్టడ్డు మర కొసదాకా వదులు చేసి అలాగే ఉంచాలి. దెబ్బ స్టడ్డు మీద కాదు, అది దూరిన కన్నం పక్క అంచు మీద పడాలి. ఎదురువైపు బరువైన సుత్తి ఆనించి కొడితే కన్నం క్షణకాలం సాగి స్టడ్డును వదిలేస్తుంది. పుల్లర్ (స్టడ్డును నొక్కి బయటికి తోసే పనిముట్టు) ఉంటే దాన్ని బిగించి, ఆ బిగువు మీద పక్కన ఒక దెబ్బ వేయాలి. మాకు మూడో దెబ్బకు టప్పుమని వదిలింది. నకల్ అల్యూమినియందైతే సుత్తి జోలికి పోకుండా పుల్లరే వాడాలి. రెండు కొమ్ముల ఫోర్కు దూర్చి కొడితే బూటు చిరుగుతుంది, కాబట్టి పాతది పారేసేటప్పుడే అది. గ్యాస్ మంటతో కాల్చడం ఇంటి దగ్గర వద్దే వద్దు. లోపల గ్రీజు, చుట్టూ రబ్బరు ఉంటాయి.

పైనా కిందా రెండు ఆర్ములుండే పెద్ద బళ్లలో ప్రమాదం ఇంకా ఎక్కువ. చాలావాటిలో స్ప్రింగు బలమంతా కింది ఆర్మ్ మీదే ఉంటుంది. దాని కింద ఇంకో జాకీ ఆనించకుండా జాయింట్ విడదీస్తే ఆర్మ్ విసురుగా వచ్చి తగులుతుంది.

తిరిగి బిగించేటప్పుడు, నట్టు ఊడిపోకుండా అడ్డంగా దూర్చే స్ప్లిట్ పిన్ను కొత్తదే వేయాలి. పిన్ను దూరే కన్నం కలవకపోతే నట్టు ఇంకాస్త ముందుకు బిగించాలి, వెనక్కి తిప్పకూడదు. టై రాడ్ ఎండ్ ఎన్ని చుట్లు తిప్పితే ఊడిందో లెక్క రాసుకోవాలి. అయినా చక్రాల అలైన్‌మెంట్ చేయించాకే హైవే ఎక్కాలి. ఇక్కడ నిర్లక్ష్యం చేస్తే నడుస్తున్న బండికి చక్రం పక్కకు మడతపడుతుంది.

మా మేనల్లుడికి ఆర్మ్ అమ్మిన దుకాణంలో, ఇంటి దగ్గర బిగిస్తానని చెప్పినా, స్టాండు ఉందా అని ఎవరూ అడగలేదట. నాకు బాధనిపించింది ఇక్కడే. పెళ్లిళ్లకు కుర్చీలు అద్దెకిచ్చినట్టు ఆటోనగర్ దుకాణాలవాళ్లు రెండు స్టాండులు, ఒక పుల్లర్ రోజు అద్దెకు ఇవ్వొచ్చు కదా. ఐటీఐల్లో మోటార్ మెకానిక్ పాఠాలు చెప్పే మాస్టార్లు నెలకొక ఆదివారం మామూలు జనానికి కూడా ఈ పనులు చూపిస్తే బాగుంటుంది. మీ ఆదివారం పేజీలో ఇలాంటి జాగ్రత్తలు బొమ్మలతో వేయమని కోరుతున్నాను. వరదలో మునిగి బాగుచేయించుకున్న కార్లు మా చుట్టుపక్కల ఇంకా తిరుగుతున్నాయి. వాటి యజమానులు ఒకసారి ముందు చక్రాల దగ్గరి రబ్బరు బూట్లు చూపించుకోవాలి.

మా వీధివాళ్లకు నా స్టాండులు, పుల్లర్ ఊరికే ఇస్తున్నాను. మొన్న ఒకాయన తీసుకెళ్లి, పని అయ్యాక తుడిచి తెచ్చి ఇచ్చారు.

– ఒక రిటైర్డ్ ఆర్టీసీ మెకానిక్, విజయవాడ